చెరువు గట్టు దాకా వచ్చిన సుంకం

విశాఖలో ఓడెక్కిన రొయ్యకు అమెరికాలో పన్ను వేస్తే, చట్టం ప్రకారం అది కట్టాల్సింది అక్కడి దిగుమతిదారు. కానీ ఆ డబ్బు చివరికి ఎవరి జేబులోంచి పోతోంది?

తెల్లవారుజామున ఆనందపురం కూడలిలో సందడంతా పూలదే. బంతి, చామంతి, మల్లె, లిల్లీ... చుట్టుపక్కల పల్లెల నుంచి గోనెల్లో, బుట్టల్లో ఆటోలెక్కి వస్తాయి. పొద్దెక్కేలోగా బేరాలు తెగి విశాఖకో, విజయనగరానికో, శ్రీకాకుళానికో వెళ్లిపోతాయి. అదే సమయంలో పక్కనే పదహారో నంబరు హైవే మీద ఇంకో సరుకు ఆగకుండా దాటిపోతుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం తీరాల చెరువుల్లో పట్టిన వనామీ రొయ్య అది. ఐసు నింపిన పెట్టెల్లో విశాఖ ప్రాసెసింగ్ ప్లాంట్లకు పోతుంది. అక్కడ తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి, కంటైనర్లో పెట్టి సీలు వేస్తే నెల దాటాక న్యూయార్క్ దగ్గరో, లాస్ ఏంజెలెస్ దగ్గరో దిగుతుంది.

పూల మూటకు రాష్ట్రం దాటాలన్నా పెద్ద అడ్డేమీ లేదు. ఒకప్పుడు ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో లారీలు బారులు తీరేవి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక పన్నుల తనిఖీ కోసం ఆగే పని పోయింది. తాజా పూల మీద జీఎస్టీ కూడా లేదు. రొయ్య సంగతి అలా కాదు. అది ఏ చెరువులో పెరిగింది, ఏ మేత తింది, ఏ మందు తినలేదు, ఏ ప్లాంటులో ఒలిచారు, ఏ ఓడ ఎక్కింది, ఆ ఓడ ఎక్కిన రోజున వాషింగ్టన్‌లో ఏ ఉత్తర్వు అమల్లో ఉంది... ఇవన్నీ రాసిన కాగితాలు లేకుండా అవతలి రేవులో దిగలేదు.

చిన్న వ్యాపారమేమీ కాదిది. 2024-25లో మన దేశం 16,98,170 టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి రూ.62,408 కోట్లు సంపాదించింది. అందులో ఒక్క గడ్డకట్టిన రొయ్య వాటాయే రూ.43,334 కోట్లు. అన్నిటికన్నా ఎక్కువ కొన్నది అమెరికా: 3,46,868 టన్నులు. రొయ్యల సాగులో దేశానికి ముందు నిలిచే రాష్ట్రం మనది, ఆ సరుకు ఎగుమతిలో ముందు వరసలో ఉండే రేవు మన విశాఖ. అందుకే అమెరికాలో ఒక అంకె మారితే ఇక్కడ చెరువు గట్టున రొయ్య ధర మారుతుంది.

సున్నా నుంచి 58.26 దాకా

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అమెరికా కస్టమ్స్ పట్టికలో గడ్డకట్టిన రొయ్యకు మామూలు దిగుమతి సుంకం సున్నా. ఆ దేశం తినే రొయ్యలో 90 శాతానికి పైగా బయటి నుంచి వచ్చేదే. భారమంతా పైన చేర్చినవాటితో వచ్చింది.

మొదటిది యాంటీ డంపింగ్ సుంకం. సొంత మార్కెట్ ధర కన్నా, లేదా అయిన ఖర్చు కన్నా తక్కువకు తెచ్చి మా దగ్గర కుమ్మరిస్తున్నారన్న ఆరోపణ మీద వేసేది. అమెరికా దక్షిణ తీరంలో వలలతో రొయ్య పట్టే జాలర్లు 2003 డిసెంబరు 31న ఫిర్యాదు చేశారు. 2005 ఫిబ్రవరి నుంచి భారత్, థాయ్‌లాండ్, వియత్నాం, చైనా, ఈక్వెడార్, బ్రెజిల్ రొయ్యల మీద సుంకం మొదలైంది. మన ఎగుమతిదారుల్లో చాలామందికి అప్పుడు పడ్డ రేటు 10.17 శాతం. రెండోది కౌంటర్‌వెయిలింగ్ సుంకం. మీ ప్రభుత్వం మీకు రాయితీలిస్తోంది, దానికి విరుగుడుగా మేం పన్ను వేస్తాం అనేది దీని వాదన. 2024 డిసెంబరులో ఇది ఖరారైంది. ఎక్కువమందికి 5.77 శాతం.

మూడోది 2025లో వచ్చి పడింది. ఏప్రిల్ 5 నుంచి 10 శాతం. ఆగస్టు 7 నుంచి అది 25. రష్యా నుంచి చమురు కొంటున్నామన్న కారణంతో ఆగస్టు 27 నుంచి మరో 25. సమీక్షల్లో తగ్గుతూ వచ్చిన యాంటీ డంపింగ్ రేటుతో సహా అన్నీ కలిపి రొయ్య మీద 58.26 శాతమని పరిశ్రమ లెక్క తేల్చింది. లక్ష డాలర్ల సరుకు దించుకోవాలంటే అప్పట్లో అమెరికా ఖజానాకు 58 వేల డాలర్లు కట్టాల్సి వచ్చిందన్నమాట. అదే రొయ్యను ఈక్వెడార్ పంపితే అప్పుడు టారిఫ్ 15 శాతమే. పైగా ఆ దేశం మన కన్నా అమెరికాకు చాలా దగ్గర.

ఈ డబ్బు ఎవరు కడతారు? చట్టంలో జవాబు తేలిక: దిగుమతిదారు. కానీ మన రొయ్యల వ్యాపారంలో ఒక మెలిక ఉంది. అమెరికా సూపర్‌మార్కెట్లు, హోటళ్లకు సరఫరా చేసే సంస్థలు సుంకాల తలనొప్పి పెట్టుకోవు. ‘సుంకం కట్టేసి మా గోదాములో దించండి, అప్పుడు ఇంత ఇస్తాం’ అంటాయి. వ్యాపార భాషలో దీన్ని డీడీపీ అంటారు. అందుకని పెద్ద ఎగుమతి కంపెనీలు అమెరికాలో తమ సొంత కంపెనీ ఒకటి పెట్టుకుని, తామే దిగుమతిదారు పాత్రా వేస్తాయి. కాగితం మీద సుంకం కట్టింది అమెరికా కంపెనీ. ఆ కంపెనీ ఎవరిదయ్యా అంటే మనదే.

మరి ఆ కంపెనీ ఊరికే నష్టం భరిస్తుందా? అవతల సూపర్‌మార్కెట్‌ను ధర పెంచమంటే వాళ్లు ఈక్వెడార్ వైపు చూస్తారు. కాబట్టి ఇవతలికి తిరుగుతుంది. ప్లాంటు కొనుగోలు ధర తగ్గిస్తుంది. ప్లాంటుకు సరుకు తెచ్చే ఏజెంటు కౌంట్‌కు ఇంతేనంటాడు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. రైతు అప్పటికే సీడు కొన్నాడు, మేత పోశాడు, రాత్రింబవళ్లు ఏరేటర్లు తిప్పి కరెంటు బిల్లు తెచ్చుకున్నాడు. మూడు నాలుగు నెలల పంట చేతికొచ్చింది. ధర లేదని చెరువులోనే ఉంచితే రోజూ మేత ఖర్చు, దానికి తోడు వైట్‌స్పాట్ జబ్బు వస్తుందేమోనన్న భయం. సూపర్‌మార్కెట్‌కు ఇంకో దేశముంది. ఎగుమతిదారుకు కోల్డ్‌స్టోరేజీ ఉంది, కొన్ని నెలలు సరుకు ఆపగలడు. రైతుకు ఆ వెసులుబాటు లేదు. చట్టంలో ఎవరి పేరు రాసి ఉన్నా సుంకం చివరికి ఆగలేనివాడి మీదే పడుతుందని నేను నమ్మడానికి కారణం ఇదే. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రకటన వెలువడిన కొద్ది రోజుల్లోనే మన తీరంలో రొయ్య ధర పడింది. అప్పటికింకా పెంచిన టారిఫ్ కింద ఒక్క కంటైనరైనా అమెరికాలో దిగి ఉండదు.

సెప్టెంబరుకొచ్చేసరికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర మంత్రులకు లేఖలు రాస్తూ ఆక్వా రంగానికి నష్టాన్ని సుమారు రూ.25,000 కోట్లుగా చెప్పారు. సగం ఎగుమతి ఆర్డర్లు రద్దయ్యాయని కూడా.

విశాఖ గడియారంలో ఉదయం 9.31

టారిఫ్ ఉత్తర్వుల్లో అసలు ప్రాణం చివరి పేరాల్లో ఉంటుంది. ఎప్పటి నుంచి అమలు, దారిలో ఉన్న సరుకు సంగతేమిటి అన్నది అక్కడే రాస్తారు. అదనపు 25 శాతం ఉత్తర్వు మీద ఆగస్టు 6న సంతకమైంది. అమలు ఆగస్టు 27 అర్ధరాత్రి దాటి ఒక నిమిషానికి, అమెరికా తూర్పు తీరం సమయం ప్రకారం. విశాఖ గడియారంలో అది ఉదయం 9 గంటల 31 నిమిషాలు. ఆ క్షణానికి ముందే ఓడ ఎక్కిన సరుకుకు మినహాయింపు ఇచ్చారు. వినడానికి ఉదారంగానే ఉంది. కానీ వెంటనే ఇంకో షరతు: ఆ సరుకు సెప్టెంబరు 17 లోపు అమెరికాలో దిగి, కస్టమ్స్‌లో నమోదు కావాలి.

రెండు తేదీల మధ్య మూడు వారాలు. విశాఖ నుంచి అమెరికాకు ఓడ ప్రయాణం నెలకు పైమాటే. మన రేవు నుంచి చాలా కంటైనర్లు ముందు కొలంబోకో, సింగపూర్‌కో చేరి, అక్కడ పెద్ద ఓడ మారతాయి. కాబట్టి ఆగస్టు 26న ఉరుకులు పరుగుల మీద ఓడెక్కించిన కంటైనరుకు ఆ మినహాయింపు కాగితం మీద మాటే. ఉత్తర్వు మీద సంతకం పడే వేళకే సముద్రంలో ఉన్నవాళ్లే గట్టెక్కే అవకాశం.

ఎగుమతిలో కొత్తగా దిగేవాళ్లకు ఒకటే చెబుతాను. ధర మాట్లాడుకున్న రోజు సుంకం వేరు, సరుకు ఓడెక్కిన రోజు సుంకం వేరు, అవతల దిగిన రోజు సుంకం ఇంకోటి కావచ్చు. ఒప్పందంలో ‘మధ్యలో సుంకం మారితే ఆ తేడా ఎవరిది’ అన్న ఒక్క వాక్యం లేకపోతే ఆ తేడా అమ్మినవాడిదే అవుతుంది. మాటమీద నడిచే వ్యాపారాల్లో ఆ వాక్యం రాయమనడం మొహమాటమే. ఆ మొహమాటం ఖరీదు ఎంతో 2025లో తెలిసింది.

అయిపోయిన బేరానికి రెండేళ్ల తర్వాత బిల్లు

యాంటీ డంపింగ్ సుంకంలో ఇంకా వింతైన విషయం అది వెనక్కి నడవడం. సరుకు దిగిన రోజున దిగుమతిదారు కట్టేది తుది సుంకం కాదు, డిపాజిట్ మాత్రమే. ఏటా సమీక్ష కోరే హక్కు ఇరుపక్షాలకూ ఉంది. అమెరికా వాణిజ్య శాఖ ఒకరిద్దరు ఎగుమతిదారులను ఎంచుకుని వాళ్ల ఖాతాలన్నీ తవ్వుతుంది. ఏ సైజు రొయ్య ఏ దేశానికి ఎంతకమ్మారు, మేతకెంత, కూలికెంత... వాళ్ల లెక్కల్లో తేలిన రేటే మిగతావాళ్ల రేటుకు ఆధారం. ఈ తతంగం ముగిసేసరికి ఏడాదిన్నర, రెండేళ్లు. రేటు పెరిగితే ఎప్పుడో అమ్మి, వండి, తినేసిన రొయ్య మీద తేడా కట్టాలి, వడ్డీతో సహా. తగ్గితే వాపసు వస్తుంది.

మొదట్లో దీనికి తోడు బాండు గొడవ ఒకటి నడిచింది. దిగుమతిదారు మామూలుగా కస్టమ్స్‌కు ఇచ్చే పూచీకత్తు సరిపోదని, గడిచిన 12 నెలల దిగుమతి విలువను సుంకం రేటుతో హెచ్చవేసి అంత మొత్తానికి బాండు ఇవ్వాలని అమెరికా కస్టమ్స్ పట్టుబట్టింది. డిపాజిట్ కట్టినచోటే మళ్లీ పూచీ. చిన్న వ్యాపారుల డబ్బంతా బ్యాంకుల్లో ఇరుక్కుపోయింది. భారత్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 2008లో అప్పీలు సంఘం ఆ బాండు షరతు సబబు కాదని తేల్చింది. మన రొయ్య అంతర్జాతీయ కోర్టుకెక్కి గెలిచిన సందర్భమది. ఊళ్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

బైర్డ్ సవరణ అని 2000లో అమెరికా చేసుకున్న చట్టం గురించి చెబితే మనవాళ్లు నవ్వుతారు. వసూలైన యాంటీ డంపింగ్ డబ్బును ఫిర్యాదు చేసినవాళ్లకే పంచిపెట్టే ఏర్పాటది. కేసు వేసినవాడికే జరిమానా సొమ్ము. అదీ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఓడింది, 2006లో రద్దు చేశారు. కానీ అప్పటికే వసూలైనదీ, ఆ తర్వాత కొంతకాలం వసూలైనదీ పంచుకున్నారు.

కౌంటర్‌వెయిలింగ్ సుంకంలో చేదు వేరే ఉంది. ఎగుమతి సరుకు మీద పన్నుల భారం ఉండకూడదన్నది లోకమంతా ఒప్పుకున్న సూత్రం. ఆ లెక్కనే మన ప్రభుత్వం డ్యూటీ డ్రాబ్యాక్, రోడ్‌టెప్ లాంటి పథకాల కింద ఎగుమతిదారుకు కొంత సొమ్ము వెనక్కిస్తుంది. ఇక్కడ దాన్ని కట్టిన పన్ను వాపసు అంటాం. అమెరికా వాణిజ్య శాఖ రొయ్యల కేసులో దాన్ని రాయితీ కింద లెక్కగట్టి, దాని మీదా సుంకం వేసింది. విశాఖ కస్టమ్స్ హౌస్‌లో చేతికిచ్చిన రూపాయిని అవతలి రేవులో లాక్కోవడమే ఇది. ఇలాంటప్పుడు ‘ఎగుమతిదారుకు ఇంకో శాతం సాయం పెంచాం’ అన్న ప్రకటన చూసి చప్పట్లు కొట్టేముందు, ఆ శాతం ఏ రూపంలో ఇచ్చారో చూసుకోవాలి.

ఇదంతా కొత్త జబ్బు అనుకోనక్కర్లేదు. భీమిలిలో డచ్చివాళ్లు, విశాఖలో ఇంగ్లీషువాళ్లు గోదాములు పెట్టి ఉత్తర సర్కారుల నేత బట్ట కొన్న కాలంలోనే ఇంగ్లండు తన నేతగాళ్ల గోల భరించలేక 1700లో భారతీయ అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించింది. 1721లో వాటిని ఒంటిమీద కట్టుకోవడమే నేరమంది. అమెరికా జాలరి, ఇంగ్లండు నేతగాడు ఇద్దరి వాదనా ఒకటే. వాళ్ల కడుపుమంట అబద్ధమని కూడా అనలేం.

సుంకం సున్నా, తలుపు మూత

సుంకం కనీసం అంకె. ఎంతో కట్టి లోపలికి వెళ్లొచ్చు. దిగుమతి నిబంధనల్లో ఆ సౌకర్యం లేదు. తప్పితే సరుకు మొత్తం వెనక్కో, గోతిలోకో.

తాబేలుతోనే మొదలెడదాం. విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ట్రాలర్ వలల్లో చిక్కి చస్తాయి. వల నుంచి తాబేలు తప్పించుకునే కిటికీ లాంటి పరికరం అమర్చని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకెళ్లాయి. 1998 తీర్పులో, తాబేలును కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, అమలు చేసిన తీరులో వివక్ష ఉందని చెప్పారు. మన సముద్రపు రొయ్యకు 2019 నుంచి అమెరికా తలుపు మూసుకుపోయింది. చెరువు రొయ్యకు ఆ నిషేధం లేదు కానీ, ప్రతి కంటైనరుతో పాటూ డీఎస్-2031 అనే కాగితం వెళ్లాలి. ఈ రొయ్య చెరువులో పెరిగింది, ఏ తాబేలుకూ దీనితో సంబంధం లేదని చెప్పే కాగితమది. చెరువులో మేత తిని పెరిగిన రొయ్య, తాను సముద్రం చూడలేదని సాక్ష్యం చెప్పుకుంటుందన్నమాట!

తర్వాత మందులు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్‌ల అవశేషం ఆనవాలు దొరికినా ఐరోపా ఒప్పుకోదు. 2016 నుంచి మన చెరువు రొయ్యల సరుకులో సగాన్ని, అంటే ప్రతి రెండు కన్‌సైన్‌మెంట్లలో ఒకదాన్ని, ఐరోపా రేవుల్లో ఆపి పరీక్షకు పంపుతూ వచ్చారు. అంతకుముందు పదింటికొకటి. రాయితీతో పచ్చి రొయ్య మీద ఐరోపా సుంకం 4.2 శాతమే. అయినా ఎగుమతిదారులు ఆ సుంకం కన్నా ఈ సగం పరీక్షకే ఎక్కువ భయపడేవారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా గోదాము అద్దె, కరెంటు, జాప్యం. ఫెయిలైతే ఆ కంటైనరుతో పాటు ప్లాంటు పేరూ పోతుంది.

జపాన్‌ది ఇంకో కథ. 2012లో మన రొయ్యలో ఎథాక్సీక్విన్ ఉందని పట్టుకుంది. అది మందు కాదు. చేపపొడి చెడిపోకుండా మేతలో కలిపే పదార్థం. జపాన్ పెట్టిన పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాములు. రైతు తప్పు లేదు, ప్లాంటు తప్పు లేదు, మేత తయారీలో ఉన్న అలవాటు కొంప ముంచింది. వాదోపవాదాల తర్వాత 2014లో పరిమితిని 0.2కు సడలించారు. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు 29 నుంచి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. కానీ ఆ దేశం సుంకం కన్నా వైట్‌స్పాట్ వైరస్‌ను చూస్తుంది. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లో లోగాన్ నది ఒడ్డు చెరువులకు ఆ జబ్బు సోకాక, 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతినే ఆపేసింది. ఆ తర్వాత తెరిచినా షరతులు మాత్రం కఠినం.

2025 ఆగస్టులో ఇండోనేసియా రొయ్యలో సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం దొరికిందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అక్టోబరు చివరికల్లా ఆ దేశంలో కొన్ని ప్రాంతాల రొయ్యకు అణుధార్మికత లేదన్న ధ్రువపత్రం తప్పనిసరైంది. టారిఫ్‌లో అప్పటికి మన కన్నా చాలా తక్కువ భారం ఉన్న పోటీదారు ఒక్కసారిగా ఇరుకున పడ్డాడు.

కాగితం ఎంత పని చేస్తుందో అదే ఏడాది మేలో మామిడి చూపించింది. అమెరికాకు వెళ్లే మన మామిడికి 2007 నుంచి ఒక షరతు: పండులో పురుగు బతకకుండా రేడియేషన్ ఇచ్చి, అక్కడుండే అమెరికా వ్యవసాయ శాఖ అధికారి పత్రం పెట్టాలి. ముంబయిలో శుద్ధి చేసిన 15 కన్‌సైన్‌మెంట్లను లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాల్లో ఆపేశారు. పండులో లోపం లేదు, పత్రం సరిగా లేదట. వెనక్కి తెచ్చే ఖర్చు కన్నా అక్కడే పారేయడం చవకని పారేశారు. నష్టం దాదాపు 5 లక్షల డాలర్లు.

విశాఖ అంటే ఉక్కు కూడా కాబట్టి ఒక్క మాట. 2022 మే 22న మన ప్రభుత్వమే ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసి, నవంబరులో తీసేసింది. ఎగుమతిదారుకు అవతలి దేశమే అడ్డమనుకోకూడదు. ఇక ఐరోపా ఇప్పుడు ఉక్కును ధర అడగడంతో ఆగడం లేదు. టన్ను తయారీకి ఎంత కర్బనం గాల్లోకి వదిలావని 2023 అక్టోబరు నుంచి లెక్క అడుగుతోంది. బొగ్గు మీద నడిచే బ్లాస్ట్ ఫర్నేసుల ఊరికి ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇక్కడి కాగితం

ఇవన్నీ చూసి ఎగుమతి మన వల్ల కాదనుకునేవాళ్లకు ధైర్యం చెప్పే విషయమూ ఉంది. ఇవతలి గట్టున పని మునుపటి కన్నా తేలికైంది. పాన్ నంబరు ఆధారంగా దిగుమతి-ఎగుమతి కోడ్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. రొయ్యకైతే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ, అదే ఎంపెడా, దగ్గర నమోదు ఉండాలి. బ్యాంకు ఇచ్చే ఏడీ కోడ్‌ను రేవులో నమోదు చేయించుకోవాలి. షిప్పింగ్ బిల్లు కంప్యూటర్లో దాఖలు చేస్తారు. కంటైనరుకు ప్లాంటులోనే ఎలక్ట్రానిక్ సీలు వేసుకోవచ్చు. అంతా సవ్యంగా ఉంటే కస్టమ్స్ అధికారి ‘లెట్ ఎక్స్‌పోర్ట్’ ఉత్తర్వు ఇస్తారు. సుంకం పట్టికలో రొయ్యకు 0306 కింద ఒక సంఖ్య, ఉడికించి మసాలా అద్దితే 1605 కింద వేరే సంఖ్య. ఈ తేడా గుమస్తా పని అనుకుంటే పొరపాటే. బ్రెడ్ పొడి అద్దిన రొయ్య అమెరికా యాంటీ డంపింగ్ సుంకం పరిధిలోకి రాదు. అదే రొయ్య, పైన పూత మారితే పన్ను మారుతుంది. ఏ సంఖ్య కింద పంపాలో తెలిసిన కస్టమ్స్ బ్రోకరుకు ఇచ్చే ఫీజు దండగ కాదని అనుభవం మీద తెలుస్తుంది.

కష్టమైన కాగితాలు రేవు దగ్గర పుట్టవు, చెరువు దగ్గరే పుడతాయి. పట్టుబడికి ముందే రొయ్య నమూనా తీసి ఎంపెడా ల్యాబులో యాంటీబయాటిక్ పరీక్ష చేయించాలి. ఐరోపాకు పోయే సరుకుకు ఈ పత్రం తప్పనిసరి. ఆపైన ఎగుమతి తనిఖీ సంస్థ ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం. 2018 డిసెంబరు 31 నుంచి అమెరికా కూడా దిగుమతయ్యే ప్రతి రొయ్యా ఏ చెరువుదో ఆనవాలు అడుగుతోంది. చెరువుకు నంబరు లేకపోతే, సీడు ఎక్కడిదో, మేత ఎవరిదో రాసుకోకపోతే, ఆ రొయ్య ఎంత బాగున్నా చవక మార్కెట్లకే పోతుంది. సుంకం మన చేతిలో లేదు. ఇవన్నీ రాసుకునే పుస్తకం మాత్రం రైతు చేతిలో ఉంది. దాన్ని నింపినందుకు కౌంట్ మీద రెండు రూపాయలు ఎక్కువిచ్చే అలవాటు మాత్రం కొనుగోలుదారుల్లో ఇంకా బలపడలేదు. ఆ రెండు రూపాయలు రానిదే రైతు ఎందుకు రాస్తాడు?

ఆవకాయ డబ్బా మీద 50 శాతం

రొయ్యల వ్యాపారం మనకెందుకులే అనుకునే ఇళ్లకు కూడా 2025లో సుంకం తెలిసొచ్చింది. అంతవరకు 800 డాలర్ల లోపు పార్సిల్ సుంకం లేకుండా అమెరికాలో దిగేది. ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటు రద్దయింది. సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికా పార్సిళ్లు ఆపేసింది. అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టినప్పుడు నిబంధన ఏమిటంటే, ప్రకటించిన విలువలో 50 శాతం పంపేవాళ్లే ఇక్కడ పోస్టాఫీసు కౌంటరులో ముందుగా కట్టాలి. రొయ్యల కంపెనీ రెండు దేశాల ఖాతాల మధ్య తిప్పి తిప్పి మోసే భారాన్ని, డాలస్‌లో ఉన్న కూతురికి చీర పంపే అమ్మ నేరుగా మోసింది. వంద డాలర్ల లోపు కానుకకు మాత్రం మినహాయింపు ఉంచారు.

డబ్బు కట్టినా పోనివి వేరే ఉన్నాయి. ఇంట్లో పెట్టిన ఆవకాయను సొంత మనుషులకు కానుకగా పంపితే ఎఫ్‌డీఏకు ముందస్తు నోటీసు ఇవ్వక్కర్లేదు. అదే వ్యాపారంగా పంపితే తప్పనిసరి. చికెన్ పచ్చడి, గోంగూర మటన్ సంగతి మరచిపోవాలి. మాంసం నిబంధనలు వేరు. పచ్చి కరివేపాకు అసలే వద్దు. నారింజ తోటలను నాశనం చేసే జబ్బును మోసే చిన్న పురుగు కరివేప మొక్క మీద బతుకుతుంది. ఫ్లోరిడా నారింజ రైతును అడిగితే మన పోపుగింజల డబ్బా వైపు అనుమానంగానే చూస్తాడు.

పూలు ఎగురుతాయా?

ఆనందపురానికి చేరువలోనే భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి ఈ కూడలిలో ఒక ఆశ తిరుగుతోంది. మన పూలు దుబాయ్‌కో, సింగపూర్‌కో పోవా, దసరాకు అమెరికా గుళ్లకు పోవా అని. పోతాయి. 2021 జులైలో తమిళనాడు నుంచి మదురై మల్లె, ఇంకొన్ని సంప్రదాయ పూలు అమెరికాకూ దుబాయ్‌కీ వెళ్లాయి. విశాఖలో కేంద్ర ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ కేంద్రం ఉంది. పురుగు, తెగులు లేవని ఫైటోశానిటరీ ధ్రువపత్రం ఇవ్వడం దాని పనే.

విమానం కన్నా ముందు తేల్చుకోవాల్సినవి కొన్నున్నాయి. ఏ దేశం ఏ పువ్వును రానిస్తుంది? విడిపూలా, దండగా కట్టినవా? దండలో కలిపే ఆకుకు వేరే అనుమతి కావాలా? కోతకు ఎన్ని రోజుల ముందు మందు కొట్టారు? తెల్లవారుజామున మార్కెట్లో పది పొలాల బంతి ఒకే గోనెలో కలిసిపోతే ఈ చివరి ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లుండరు. పరీక్షలో ఒక పొలం పువ్వు తప్పితే గోనె మొత్తం పోతుంది. రొయ్య రైతు ఇరవై ఏళ్లలో నష్టపోయి నేర్చుకున్న పాఠమిది. పూల రైతు సంఘాలు ముందే పొలానికో నంబరు, మందుకో పుస్తకం పెట్టుకుంటే మొదటి పెట్టె ఎగరడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ పెట్టె ధర మాట్లాడుకునే రోజున మాత్రం, మధ్యలో సుంకం మారితే తేడా ఎవరిదో ముందే రాయించుకోవాలి.